తల అరిగిన స్క్రూ

ఆ ఆదివారం నేను చేసిందల్లా ఆవగింజంత స్క్రూని ఒకదాన్ని ఊడదీయడం. దానికోసం ఇన్ని కాగితాలు పాడుచెయ్యాలా అంటున్నాడు మా అల్లుడు. అతను ఎందుకలా అంటున్నాడో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి గోదాములో ఫోర్క్‌లిఫ్టు నడుపుతుంది. రెండు వైపులా కప్పుని తాకే అరలు, మధ్యలో ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరగాల్సినంత సందు. ఆ సందులోంచి గాజుసామాను పెట్టెలెత్తుకుని వెనక్కి నడుపుకుంటూ వచ్చేస్తుంది. ఆదివారాలు మాత్రం మూరెడు పొడవుండే కారు నడుపుతుంది. బొమ్మకారు అంటే ఊరుకోదు, రిమోట్ కారు అనాలి. రిమోట్ పట్టుకుని ఎత్తు బల్ల మీద నిలబడుతుంది, కింద కారు ఉడతలా పరిగెడుతుంది.

ఈ కార్లవాళ్ళకొక క్లబ్బుంది. మూతపడ్డ కుర్చీల ఫ్యాక్టరీ హాలు తీసుకుని, నేలంతా బూడిదరంగు తివాచీ పరిచి, నీళ్ళ గొట్టాలు అడ్డం పెట్టి దారి కట్టారు. ఏడాదికొకసారి పెద్ద పోటీ. గెలిచినవాళ్ళకి కప్పిస్తారు. అది రేకుది, దానికోసం ఎవరూ కొట్టుకోరు. కొట్టుకునేది ఇంకోదానికి. గెలిచినవాళ్ళే మరుసటి ఏడాదికి దారి గీస్తారు. మలుపు ఎక్కడ, తిన్నటి దారి ఎంత, అంతా వాళ్ళిష్టం. మిగిలినవాళ్ళు ఏడాది పొడుగునా నోరు మూసుకుని ఆ దారిలో తిరగాలి.

మూడేళ్ళుగా గెలుస్తున్నది పళ్ళ డాక్టరు. ఆయన కారుకి వేగమెక్కువ, మలుపంటే బద్ధకం. అందుకని మూడేళ్ళుగా దారి కూడా దానికి తగ్గట్టే ఉంది. ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దగ్గరికి బాణంలా పోవడం, చివర్న ఒక పెద్ద వంపు తిరిగి మళ్ళీ బాణంలా రావడం. మా అమ్మాయి మూడేళ్ళూ రెండో స్థానమే. క్లబ్బులో కుర్రకారు దానికి రన్నరప్పక్క అని పేరు పెట్టారు. మొహం మీదే పిలుస్తారు, అదీ నవ్వేస్తుంది. కానీ దాని పరుపు కింద ఒక నోటుపుస్తకం ఉంది. నిండా దారులే. పాము చుట్టల్లాంటివి, జడపాయల్లాంటివి, మెలిక మీద మెలిక. మూడేళ్ళుగా గీసుకుంటోంది. ఒక్కటీ కాగితం దిగి నేలమీదకి రాలేదు.

నా సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. మా ఆయన పోయిన ఏడు నేను కళ్ళజోళ్ళ షాపులో ఊడ్చి తుడవడానికి చేరాను. షాపాయనకి చేతులు వణకడం మొదలయ్యాక చిన్న స్క్రూలు నాచేత పెట్టించేవారు. ఆ తర్వాత విరిగినవి తీయించారు. ఇరవై రెండేళ్ళయింది. ఇప్పుడక్కడ ఊడ్చేది వేరే ఆవిడ. ఆదివారం ఒంటిపూటే కాబట్టి, షాపు మూయగానే నా పనిముట్లున్న గుడ్డచుట్టని సంచిలో పడేసుకుని తిన్నగా పోటీకి వెళ్ళాను.

వెళ్ళేసరికి మా అమ్మాయి బల్ల చుట్టూ పదిమంది మూగి ఉన్నారు. వెలవెలబోయిన మొహంతో అది మధ్యలో కూర్చుని ఉంది.

“రా అమ్మా, కూర్చో,” అంది. “నీ కూతురు ఈసారి రన్నరప్ కూడా కాదు.”

“సెమీఫైనల్ పోయిందా?”

“గెలిచా. గెలిచి, గీత దాటిన పది అడుగులకి కారు చచ్చిపోయింది.”

ఈ కార్లలో బ్యాటరీకీ మోటారుకీ మధ్య అగ్గిపెట్టెంత లోహపు డబ్బా ఒకటి ఉంటుంది. మోటారుకి ఎంత కరెంటు వదలాలో అదే చూసుకుంటుంది. ఆ పనిలో బాగా వేడెక్కుతుంది కాబట్టి, దాని మూతమీద కోటు గుండీ అంత ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఫ్యాను ఆగితే రెండు మూడు నిమిషాల్లో డబ్బా మరీ వేడెక్కి, తనంతట తనే కారుని ఆపేస్తుంది. ఇప్పుడు జరిగిందదే. ఫ్యానుని పట్టుకున్న రెండు స్క్రూల్లో ఒకటి దారిలో ఎక్కడో రాలిపోయింది. ఫ్యాను ఆ మూల లేచి, పక్కకి వాలి, తన తీగని తనే కోసుకుంది. తీగ తెగింది మూత లోపల. అతకాలంటే మూత తీయాలి. మూతకి మొత్తం నాలుగు స్క్రూలు, ఫ్యానువి కూడా అందులోవే. మిగిలిన మూడింట్లో రెండు వచ్చేశాయి. మూడోది రాలేదు.

“ఇంకో డబ్బా పెట్టుకోకూడదా?” అన్నాను.

“ఎర్రచుక్క,” అంది అది. అంతకంటే చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. పోటీ పెద్ద ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. మెడలో ఈల తప్ప ఇంకేమీ నమ్మడు, అందుకే ఈల మాస్టారంటారు. పొద్దున్నే ప్రతి డబ్బామీదా ఎర్ర రంగు చుక్క పెడతాడు. చుక్క ఉన్న డబ్బాతోనే చివరిదాకా పరిగెత్తాలి. బాగుచేసుకోవచ్చు, మార్చకూడదు.

ఫైనల్‌కి నలభై అయిదు నిమిషాలుంది.

స్క్రూ తలకాయ బోడిగుండులా ఉంది. మామూలుగా తలమీద ఆరు మూలల గుంట ఉంటుంది, అందులో స్క్రూడ్రైవర్ మొన కూర్చోవాలి. ఆ మూలలన్నీ అరిగి గుంట గుండ్రంగా అయిపోయింది. మొన పెట్టి తిప్పితే గిన్నెలో గరిటె తిరిగినట్టు తిరుగుతోంది.

సలహాలకి కొదవ లేదు. ఒకడు రబ్బరు బ్యాండు అడ్డం పెట్టి తిప్పమన్నాడు. పెడితే రబ్బరు ముక్కలైంది. ఇంకొకడు స్క్రూడ్రైవర్ మొనని జిగురుతో తలకి అతికించి తిప్పమన్నాడు. జిగురు ఊడి మొనకి అంటుకుంది, స్క్రూ అక్కడే ఉంది. పళ్ళ డాక్టరు తన బల్ల దగ్గర్నుంచి పట్టకారు తెచ్చి పట్టిచూశాడు. గుండ్రటి తల కావడంతో మూడుసార్లు జారి, చుట్టూ గీతలు పడ్డాయి.

“పన్నయితే ఈపాటికి చేతిలో ఉండేది,” అన్నాడాయన.

“పన్నయితే నోరు తెరిచేది, డాక్టరు గారూ. ఇది మూసుకుని కూర్చుంది,” అంది మా అమ్మాయి.

ఇదంతా జరుగుతుంటే నాకొకటి వింతగా అనిపించింది. మా అల్లుడు బల్ల దగ్గర లేడు. అతను దర్జీ. కారుని విప్పి, తుడిచి, బిగించి పెట్టే పని అతనిదే. మామూలప్పుడు ఎవరి బల్ల దగ్గర ఏ చిన్న ఇబ్బందొచ్చినా అందరికంటే ముందు దూరి సలహా చెప్పే మనిషి. అలాంటివాడు, సొంత భార్య కారు పాడై ఉంటే, నాలుగు బల్లల అవతల ఎవరిదో చార్జర్ని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

పళ్ళ డాక్టరు మళ్ళీ వెళ్ళి చిన్న డ్రిల్లు పట్టుకొచ్చాడు. “నాకు అడ్డుగా ఉన్న కారే అయినా, ఇలా గెలవాలని లేదమ్మా నాకు,” అన్నాడు. “తల మీద నుంచి తొలిచేస్తా. రెండు నిమిషాలు. తల ఎగిరిపోతే మూత దానంతటదే వస్తుంది.”

మా అమ్మాయి గోడ గడియారం చూసింది. “కానివ్వండి.”

“ఒక్క క్షణం ఆగండి,” అన్నాను.

షాపులో ఇరవై రెండేళ్ళు నేను నేర్చుకున్నది ఒకటే. రాని స్క్రూని ముందు తిప్పకూడదు, చూడాలి. కంటికి భూతద్దం తగిలించుకుని డబ్బాని వెలుతురుకి ఎత్తి పక్కనుంచి చూశాను. పైనుంచి చూసినంతసేపూ అందరికీ తలే కనబడింది. పక్కనుంచి చూస్తే తలకీ మూతకీ మధ్య వెలుతురు గీత కనబడింది. వెంట్రుకంత. గోరు పెడితే అంచు తగిలింది.

“ఇది బిగిసిపోలేదు,” అన్నాను. “ఇంకా కిందికి దిగనే లేదు.”

“అంత గట్టిగా ఉంటేనా?” అన్నాడు వెనకనుంచి ఎవరో.

“అడుగు తగిలి ఆగిపోయింది. ఉండాల్సినదానికంటే పొడుగుంది. డాక్టరు గారూ, మీరు పైనుంచి డ్రిల్లు పెట్టి నొక్కితే దీని మొన కింద రేకుని పొడుచుకుని పోతుంది. రేకు కింద ఏముంటుంది?”

మా అమ్మాయి మొహం మారిపోయింది. “సర్క్యూటు,” అంది.

పళ్ళ డాక్టరు డ్రిల్లుని మెల్లిగా బల్లమీద పెట్టేశాడు. “వేరు పొడుగు,” అన్నాడు తనలో తను. “చూడకుండా పెట్టేసేవాణ్ణి.”

నేను పక్కన పడి ఉన్న రెండు స్క్రూలనీ తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాను. ఒకటి పొట్టిది. ఒకటి దానికి దాదాపు రెట్టింపు. మూత ముందు వైపు రెండు బెజ్జాలకీ పొట్టివి, ఎందుకంటే అవి మూతని పట్టుకుంటే చాలు. వెనక రెండింటికీ పొడుగువి, అవి ఫ్యానుని కూడా దాటుకుని దిగాలి. ఇప్పుడు కదలనని కూర్చున్నది ముందు వైపు బెజ్జంలో ఉంది. రాలిపోయినది వెనక బెజ్జం నుంచి.

నాకు మొత్తం బోధపడింది. పొడుగుది పొట్టిదాని ఇంట్లో దూరింది. పొట్టిది పొడుగుదాని ఇంటికి పోయి, ఒకటిన్నర చుట్టు మాత్రం పట్టుకుని, పొద్దుటినుంచి కుదుపులు తిని తిని ఊడిపోయింది. ఒక్క తారుమారుతో రెండు జబ్బులు.

“బాబూ,” అని పిలిచాను.

అల్లుడు ఆ చార్జర్ని వదలలేక వదిలి వచ్చాడు.

“గురువారం మీరు దీన్ని విప్పి తుడిచారు కదా. తీసిన స్క్రూలు ఎక్కడ పెట్టారు?”

“సబ్బుపెట్టెలో, అత్తయ్యా.”

“నాలుగూ కలిపేనా?”

“సబ్బుపెట్టె ఒకటే ఉంది కదండీ.”

“బిగించేటప్పుడు ఇది లోపలికి దిగలేదా?”

“దిగింది. కాస్త పైకి నిలబడింది. బాగా బిగించలేదేమోనని... ఇంకొంచెం బిగించా.” గొంతు సవరించుకున్నాడు. “ఇంకొంచెం బిగించా.”

మా అమ్మాయి మొగుడి వంక నింపాదిగా తలెత్తి చూసింది. “ఏవండీ. చొక్కా చెయ్యి పావంగుళం పొడుగైతే నిన్నంతా అన్నం మానేసి కూర్చున్నారు. ఇక్కడ సగానికి సగం తేడా ఉంటే కనబడలేదా?”

“అది గుడ్డ,” అన్నాడతను. “ఇది ఇనుము. ఇనుముకి సాగే గుణం ఉంటుందనుకోలేదు.”

నవ్వు ఆపుకోలేక పళ్ళ డాక్టరు వెనక్కి తిరిగాడు. అల్లుణ్ణి అత్తగారు కోప్పడకూడదు కాబట్టి నేను పని మీదకి తల వంచాను. ముప్ఫై ఎనిమిది నిమిషాలుంది.

కళ్ళజోడు స్క్రూ తల అరిగితే మేము చేసేది ఒకటే. తలమీద అడ్డంగా కొత్త గీత తీస్తాం. దానికొక ఆకురాయి ఉంటుంది, అంచు గోరుకంటే పల్చన. నా చుట్టలో మొదటి అరలో ఉంటుంది. కానీ రాస్తే ఇనుప రజను రాలుతుంది. అది మూత సందుల్లోంచి లోపలికి పోయిందంటే, స్క్రూ వచ్చినా డబ్బా పోతుంది.

“మైనం కావాలి,” అన్నాను. “కొవ్వొత్తి అయినా సరే.”

పళ్ళ డాక్టరు తన పెట్టెలోంచి గులాబిరంగు మైనపు బిళ్ళ తీసి ఇచ్చాడు. పళ్ళ అచ్చులు తీసేదట. చేతి వేడికే మెత్తబడింది. స్క్రూ చుట్టూ గట్టులా పెట్టాను, మూత సందులన్నీ పూడ్చాను, ఫ్యాను బెజ్జం మీద కూడా అద్దాను. తల ఒక్కటే మధ్యలో బయటికి కనబడుతోంది.

“మా కుర్చీలో పడుకునేవాళ్ళు కూడా ఇలాగే ఉంటారు,” అన్నాడు డాక్టరు.

ఆకురాయి పని తొందరపడితే చెడుతుంది. ముందుకి తోస్తేనే తెగుతుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. ముందుకి, ఎత్తు. ముందుకి, ఎత్తు. మా అమ్మాయి డబ్బాని రెండు చేతులా పట్టుకుంది. దాని చేతులు కదలలేదు. గాజుసామాను మోసే చేతులవి. రజను మైనానికి అతుక్కుని మెరుస్తోంది. తలలో సగం లోతుకి గీత దిగాక ఆపాను. ఇంకా తీస్తే తల రెండు ముక్కలవుతుంది.

పలకమొన స్క్రూడ్రైవర్ ఒకటి గీతలో పెట్టి ఎడమకి తిప్పాను. కదల్లేదు. ఇంకొంచెం బలం పెట్టాను. మొన వణికింది. అక్కడ ఆగిపోయాను, ఎందుకంటే ఆ వణుకు నాకు తెలుసు. గీత చెక్కుకుపోయే ముందు అలాగే వణుకుతుంది.

మొన అడుగుకి తగిలి ఆగిన స్క్రూ ఇంత మొండిగా ఉండకూడదు. మొదటి కదలిక వరకే బిగువు.

“దీని మరల్లో ఏదైనా పడిందా అని చూస్తున్నా,” అన్నాను, ఎవర్నీ ఉద్దేశించకుండా.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అల్లుడు మెడలోని కొలతల టేపు సర్దుకున్నాడు.

“ఒక్క చుక్క,” అన్నాడు.

“ఏం చుక్క?” అంది మా అమ్మాయి.

“ఊడిపోకుండా వేస్తారు కదా, ఆ నీలం జిగురు. అది సరిగ్గా దిగలేదు కదా, కనీసం ఊడకుండా ఉంటుందని...”

“దేనికి వేశారు? ఊడిపోయినదానికా, ఇరుక్కున్నదానికా?”

“ఇరుక్కున్నదానికే,” అన్నాడతను చాలా చిన్నగా.

“బాగుంది. పారిపోయేవాణ్ణి వదిలేసి, కదల్లేనివాడికి బేడీలేశారు.”

గుంపంతా గొల్లుమంది. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. ఎందుకు రావట్లేదో తెలియని స్క్రూ కంటే జిగురు పెట్టిన స్క్రూ వెయ్యి రెట్లు నయం. జిగురుకి మందుంది. కాచితే మెత్తబడుతుంది.

తీగలు అతికే సోల్డరింగ్ కడ్డీ అప్పటికే వేడెక్కి సిద్ధంగా ఉంది, మా అమ్మాయి తీగ కోసం పెట్టుకున్నది. దాని మొనని స్క్రూ తలమీద ఆనించి పాతిక లెక్కపెట్టమన్నాను. అంతకంటే ఎక్కువైతే వేడి సర్క్యూటు దాకా పోతుంది. మా అమ్మాయి ఆనించింది, లెక్కపెట్టింది మాత్రం అందరూ. నలుగురూ కలిసి లెక్కపెడితే అంకెలు పరిగెడతాయి. “మెల్లిగా” అని కసిరాల్సి వచ్చింది. మైనం అంచులు కరిగి జారాయి. పాతిక అనగానే కడ్డీ ఎత్తింది, నేను స్క్రూడ్రైవర్ పెట్టాను. నిలువుగా. మణికట్టుతో కాదు, మోచేతి నుంచి.

టిక్కుమని చిన్న చప్పుడైంది.

నా కళ్ళు అప్పటికి ఇంకా నమ్మలేదు కానీ వేళ్ళు నమ్మాయి. పావు చుట్టు. అర. ఆ తర్వాత అది వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది, నీలం జిగురు పెచ్చులు అంటించుకుని. తీసి పొట్టిదాని పక్కన బల్లమీద పెట్టాను. చెప్పక్కర్లేకుండా చూపించింది తన పొడుగెంతో.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మా అమ్మాయి చెయ్యెత్తి ఆపింది. “గెలిచాక,” అంది. పంతొమ్మిది నిమిషాలుంది.

మైనాన్ని రజనుతో సహా తొక్కలా ఒలిచేసి, మూత తీశాం. తెగిన తీగని మా అమ్మాయే అతికింది. ఆ పనిలో నేను వేలుపెట్టను. బ్యాటరీ తగిలిస్తే ఫ్యాను తుమ్మెదలా మొదలైంది. ఇరుక్కుని చచ్చిన పొడుగు స్క్రూని, తలమీద కొత్త గీతతోనే, దాని అసలు చోట, ఫ్యాను మూల పెట్టి బిగించాను. దిగాల్సినంతా దిగి కూర్చుంది. మూడు స్క్రూలూ వాటి చోట్లలో కూర్చున్నాయి. ముందు వైపు ఒక బెజ్జం ఖాళీ.

“మూడుతో పోదాం,” అంది మా అమ్మాయి.

“ఒక మూల వదిలేస్తే మూత అదురుతుంది. అదిరితే మళ్ళీ తీగ.”

“పొట్టిది దారిలో పడిపోయిందమ్మా. తివాచీలో వెతికే టైము లేదు.”

అల్లుడి దగ్గర స్క్రూల డబ్బా ఒకటుంది. అందులో లోకంలోని స్క్రూలన్నీ ఉన్నాయి, కావలసినది తప్ప. సన్నవీ లావువీ కలిసిపోయి ఉన్నాయి. బల్లమీద కుమ్మరించి, మా పొట్టిదాన్ని చేతిలో పట్టుకుని ఒక్కోదాని పక్కన ఆనించి చూస్తూ పోయాను. రెండు స్క్రూల మరలు ఒకదానిలో ఒకటి పళ్ళలా కూర్చుని, మధ్యలో వెలుతురు కనబడకపోతే రెండూ ఒక జాతి. పదమూడోది కూర్చుంది. కానీ వేలెడు పొడుగు.

“దీన్ని కోయాలి,” అన్నాను. “ఎంతకి కోయాలో కొలిచేవాళ్ళు కావాలి. బాబూ, ఇది మీ పని.”

అల్లుడు ముందుకొచ్చాడు. నేను చెప్పినట్టే మూత పెట్టి, ఖాళీ బెజ్జంలోకి అగ్గిపుల్ల దింపి, మూత అంచు దగ్గర గోటితో గీశాడు. తీశాడు. మళ్ళీ దింపాడు. మూడుసార్లు కొలిచాడు. “అడుక్కి తగలకుండా వెంట్రుకవాసి తగ్గిస్తున్నా,” అన్నాడు నాతో, కళ్ళు పైకెత్తకుండా.

“మీకు తెలియనిదా,” అన్నాను.

స్క్రూకి ముందు ఒక నట్టు ఎక్కించమన్నాను. నట్టు అవతల కట్టరుతో తుంచి, తుంచిన కొసని రాసి, ఆ తర్వాత నట్టుని వెనక్కి తిప్పి తీస్తే, నలిగిన మరలు నట్టులోంచి వస్తూ సర్దుకుంటాయి. తుంచినది తుంచినట్టే పెడితే మళ్ళీ ఇరుక్కుంటుంది. అల్లుడు తుంచాడు, రాశాడు, నట్టు తీశాడు, నోటితో ఊది నా చేతిలో పెట్టాడు. పెట్టి తిప్పితే చిటికెన వేలి బలానికే దిగిపోయింది. తల మూతకి ఆనింది. పక్కనుంచి చూశాను. వెలుతురు లేదు.

ఈల మాస్టారు వచ్చి డబ్బాని తిప్పి తిప్పి చూశాడు. ఎర్రచుక్క ఉంది. గీత తీసిన తలని వేలితో తడిమి, “ఇదేమిటి, కొత్త మోడలా?” అన్నాడు.

“పాతదే మాస్టారూ. తల మార్చుకుంది,” అన్నాను.

“బాగుచేసుకోవచ్చు, మార్చకూడదు,” అన్నాడాయన.

“తల ఎలా మారినా ఒళ్ళు పాతదే,” అంది మా అమ్మాయి. ఆయన ఒక నిమిషం ఆలోచించి, ఈల నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంటే ఒప్పుకున్నట్టు.

ఫైనల్ అయిదు నిమిషాలు. ఆరు కార్లు. మొదటి నిమిషంలోనే పళ్ళ డాక్టరు పసుపు కారు ముందుకెళ్ళిపోయింది. తిన్నటి దారిలో దాన్ని ఎవరూ పట్టలేరు, అది అందరికీ తెలిసిందే. వంపు దగ్గర మా నీలం కారు దూరం తగ్గించుకునేది, బయటికి రాగానే అది మళ్ళీ అంతా లాక్కునేది. లాక్కోవడం, తగ్గించుకోవడం. చూస్తే చేంతాడులా సాగుతోంది.

మూడో నిమిషం వచ్చింది. డబ్బా చచ్చిపోతే ఇప్పుడే చావాలి. అల్లుడు నా పక్కన నిలబడి మెడలోని టేపుని వేలికి చుట్టుకుంటున్నాడు. కారు పైన తొడుగు ఉండటంతో ఫ్యాను తిరుగుతోందో లేదో కనబడదు. కారు మా ముందునుంచి పోయిన ప్రతిసారీ చెవి ఒగ్గి విన్నాను. మోటారు హోరులో ఫ్యాను చప్పుడు వినబడుతుందా అంటే వినబడదు. అయినా విన్నాను.

నాలుగో నిమిషం. మూడేళ్ళుగా ఇక్కడే మా అమ్మాయి జాగ్రత్త పడి నెమ్మదించేది, డబ్బా కాలిపోతుందేమోనని. ఈసారి నెమ్మదించలేదు. బల్లమీద నిలబడి ఉన్న దాని మొహం చూశాను. పెట్టెలెత్తుకుని సందులోంచి వెనక్కి వచ్చేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఏమీ లేదు ఆ మొహంలో, పని తప్ప.

ఆఖరి చుట్టు. పసుపు కారు ముందు. నీలం కారు దాని తోక మీద. పెద్ద వంపు దగ్గర పసుపు కారు ఎప్పటిలాగే బయటికి జరిగింది, వేగం ఎక్కువ కదా. లోపలి వైపు గొట్టానికీ దానికీ మధ్య ఒక సందు తెరుచుకుంది. అరచెయ్యి పట్టేంత. మా అమ్మాయి దూరింది. గొట్టాన్ని రాసుకుంటూ, ఒకపక్క చక్రాలు గాల్లోకి లేచి, దూరి బయటికొచ్చింది. అక్కడినుంచి గీతకి ఇరవై అడుగులు. పసుపు కారు మళ్ళీ లాక్కుంటోంది, లాక్కుంటోంది. గీత దగ్గర నీలం ముక్కు ముందుంది. బెత్తెడు.

ఈల మాస్టారు ఈల ఊదడం మర్చిపోయాడు. తర్వాత గుర్తొచ్చి చాలాసేపు ఊదాడు.

అల్లుడు నన్ను వాటేసుకున్నాడు. పద్నాలుగేళ్ళలో అదే మొదటిసారి. వెంటనే వదిలేసి, “క్షమించండి అత్తయ్యా,” అన్నాడు. దేనికి క్షమించాలో చెప్పలేదు. రెండింటికీ క్షమించేశాను.

మా అమ్మాయి బల్ల దిగి నా దగ్గరికి రాలేదు, మొగుడి దగ్గరికీ రాలేదు. తిన్నగా కారు దగ్గరికెళ్ళి తొడుగు ఎత్తి చూసింది. ఫ్యాను ఇంకా తిరుగుతోంది. నాలుగు తలలూ మూతకి ఆని ఉన్నాయి. అప్పుడు నవ్వింది. రన్నరప్పక్క అని పిలిచే కుర్రాళ్ళు దాన్ని భుజాలమీదికి ఎత్తబోతే, “నన్ను కాదు, అదిగో, మా అమ్మని ఎత్తండి,” అంది. నేను బల్ల వెనక్కి తప్పించుకున్నాను. నా వయసుకి ఎత్తులు పనికిరావు.

రేకు కప్పు ఇచ్చారు. ఫొటో తీశారు. తర్వాత ఈల మాస్టారు సుద్దముక్క, దారపు ఉండ తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టాడు. గొట్టాలన్నీ ఎత్తి గోడవార పేర్చారు. పెద్ద హాలు, ఖాళీ తివాచీ, దానిమీద ఒక్క గీత లేదు. అందరూ అంచుల్లో నిలబడ్డారు.

మా అమ్మాయి నడుచుకుంటూ మధ్యదాకా వెళ్ళి, అటూ ఇటూ చూసి, నన్ను పిలిచింది. చెప్పులు విడిచి వెళ్ళాను. దారం కొస నా చేతికిచ్చింది.

“ఇక్కడ నిలబడమ్మా. నేలకి ఆనించి పట్టుకో. కదలకు.”

వంగి పట్టుకున్నాను. అది దారాన్ని బారెడు సాగదీసి, రెండో కొసకి సుద్ద కట్టి, నా చుట్టూ వంగి నడుస్తూ గీయడం మొదలుపెట్టింది. మొదటి మలుపు.

“అంత చిన్న మలుపేమిటమ్మా,” అన్నాడు అంచునుంచి పళ్ళ డాక్టరు. “నా కారు అందులో తిరగదు.”

“మీరు నేర్చుకుంటే అదే తిరుగుతుంది, డాక్టరు గారూ,” అంది మా అమ్మాయి, తల ఎత్తకుండా. “ఏడాది టైముంది.”